పీక్ ఎడమకి జరిగింది, మరి డోపింగ్ జరిగినట్టేనా? (ఎక్స్ఆర్‌డీ, ఎన్ఎంసీ 811 కాథోడ్)

విభాగం: మెటీరియల్స్ సైన్స్ › నిర్మాణ పరీక్షలు

#1 కావ్య_కాథోడ్

అందరికీ నమస్కారం. లిథియం బ్యాటరీ కాథోడ్‌ల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మెటీరియల్ ఎన్ఎంసీ 811. అంటే లిథియం ఆక్సైడే, కాకపోతే లోహాల వాటాలో నికెల్ 80 శాతం, మాంగనీస్ 10, కోబాల్ట్ 10. దాంట్లో 1 శాతం జిర్కోనియం వేసి (దీన్నే డోపింగ్ అంటాం), ఆక్సిజన్ వదులుతూ 780 డిగ్రీల దగ్గర కాల్చాం. సైక్లింగ్ (మళ్ళీ మళ్ళీ ఛార్జ్, డిశ్చార్జ్ చేయడం) బాగా వచ్చింది. పేపర్ పంపాం. రివ్యూవర్ అడిగినవి ఇవీ:

ఒకటి, జిర్కోనియం కలిపిన శాంపిల్‌లో ఎక్స్ఆర్‌డీ (ఎక్స్-కిరణాల డిఫ్రాక్షన్) తీస్తే 003 పీక్ (పొరల మధ్య దూరాన్ని చూపేది) 0.05 డిగ్రీలు ఎడమకి జరిగింది కాబట్టి జిర్కోనియం లాటిస్‌లోకి (స్ఫటికంలోని అణువుల వరసల్లోకి) వెళ్ళిందని రాశాం. అది చాలదట. రెండు, లిథియం, నికెల్ ఒకదాని చోట ఒకటి ఎంత చేరాయో అంకె కావాలట. మేము 003, 104 పీక్‌ల నిష్పత్తి 1.35 అని మాత్రమే ఇచ్చాం. మూడు, షెరర్ సూత్రంతో (పీక్ వెడల్పు నుంచి సైజు కట్టే లెక్క) 40 నానోమీటర్లని రాసిన క్రిస్టలైట్ సైజులోంచి మిషన్ సొంత వెడల్పు తీసేశారా అని.

గడువు దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. మళ్ళీ స్కాన్ తీయించాలా, ఉన్న డేటాతోనే జవాబు రాయొచ్చా?

#2 సాయితేజ_ఎమ్మెస్సీ

అక్కా, నేను చదివిన పేపర్లలో చాలావరకు ఇలాగే రాస్తున్నారు. డోపెంట్ అయాన్ పెద్దదైతే పీక్ ఎడమకి, చిన్నదైతే కుడికి. బ్రాగ్ సూత్రం ప్రకారం పొరల మధ్య దూరం పెరిగితే కోణం తగ్గాలి కదా. జిర్కోనియం 4+ వ్యాసార్థం 0.72 ఆంగ్‌స్ట్రామ్, నికెల్ 3+ అంతకంటే చిన్నది. లెక్క సరిపోయింది. ఇంకా రివ్యూవర్‌కి ఏం కావాలి?

#3 ల్యాబ్_మూర్తి

సాయితేజా, సూత్రం సరైనదే. కానీ పీక్ జరగడానికి లాటిస్ పెరగడం ఒక్కటే కారణం కాదు. ఏళ్ళ తరబడి ఎక్స్ఆర్‌డీ మిషన్ దగ్గరే పనిచేస్తున్నాను కాబట్టి ఇది కొంచెం వివరంగా రాస్తాను.

మన కాలేజీల్లో, యూనివర్సిటీల్లో ఉన్న పౌడర్ మిషన్లు దాదాపు అన్నీ బ్రాగ్-బ్రెంటానో అమరికలో ఉంటాయి. ట్యూబు ఒక చేతి మీద, డిటెక్టర్ ఇంకో చేతి మీద, మధ్యలో శాంపిల్. ఆ పొడి పైతలం సరిగ్గా మిషన్ కేంద్రం ఎత్తులో ఉండాలి. అంతకంటే కిందికి ఉంటే పీక్‌లన్నీ ఎడమకి, పైకి ఉంటే కుడికి జరుగుతాయి. ఎంత? చేయి పొడవు 240 మిల్లీమీటర్లు, పొడి 0.1 మిల్లీమీటరు కిందికి దిగి ఉంది అనుకోండి. 18.7 డిగ్రీల దగ్గర పీక్ 0.047 డిగ్రీలు ఎడమకి పోతుంది. కావ్య చెప్పిన 0.05 దాదాపు అంతే.

0.1 మిల్లీమీటరంటే ఒక కాగితం మందం. గాజు పలకతో పొడిని అదిమేటప్పుడు చేయి కాస్త బరువుగా పడితే చాలు. ఆ పీక్ ఒక్కదాన్నే నమ్మి సీ-అక్షం పొడవు లెక్క కడితే 14.20 ఉండాల్సింది 14.235 ఆంగ్‌స్ట్రామ్ అని వస్తుంది. ఒక శాతం డోపింగ్‌తో అంత మార్పు రాదు.

రెండింటినీ వేరు చేసే దారి ఉంది. ఎత్తు తేడా వల్ల వచ్చే జరుగుడు కొసైన్ థీటాతో పోతుంది, అంటే కోణం పెరిగేకొద్దీ కొద్దికొద్దిగా తగ్గుతుంది. లాటిస్ నిజంగా పెరిగితే జరుగుడు టాన్ థీటాతో పోతుంది, కోణం పెరిగేకొద్దీ బాగా పెరుగుతుంది. 003, 006 రెండూ ఒకే పొరల కుటుంబం. 003 పీక్ 0.05 జరిగి, 38 డిగ్రీల దగ్గరున్న 006 కూడా 0.05 దగ్గరే జరిగితే అది ఎత్తు తేడా. 006 దాదాపు 0.10 జరిగితేనే లాటిస్ మారినట్టు. 006 పక్కనే 102 పీక్ అంటుకుని ఉంటుంది కాబట్టి రెండింటినీ విడగొట్టి చూడాలి.

అమ్మా కావ్యా, ఒకటి చెప్పండి. రెండు శాంపిళ్ళూ ఒకే రోజు, ఒకే హోల్డర్‌లో పెట్టి తీశారా? పొడిలో సిలికాన్ కలిపారా?

#4 కావ్య_కాథోడ్

మూర్తి గారూ, వేర్వేరు రోజుల్లో తీయించాం. మా దగ్గర మిషన్ లేదు. బయట డబ్బు కట్టి తీయిస్తాం. పొడి పొట్లం ఇస్తే ఫైలు మెయిల్‌లో వస్తుంది. సిలికాన్ కలపలేదు. మీరు చెప్పాక ఇప్పుడే గ్రాఫ్ పెద్దది చేసి చూశాను. 64 నుంచి 65 డిగ్రీల మధ్య 108, 110 పీక్‌లు కూడా 0.04 దాకా జరిగినట్టున్నాయి.

#5 ల్యాబ్_మూర్తి

0.1 మిల్లీమీటరు ఎత్తు తేడాకి 64.5 డిగ్రీల దగ్గర రావాల్సింది 0.040. కాబట్టి మీరు చూస్తున్న జరుగుడులో పెద్ద భాగం ఎత్తుదే. మళ్ళీ తీయించండి. ఈసారి ప్రామాణిక సిలికాన్ పొడి పదో వంతు బరువు కలిపి అగేట్ మోర్టార్‌లో మెల్లగా కలియబెట్టండి. గట్టిగా నూరకండి. నూరితే మీ కణాల్లో ఒత్తిడి చేరి పీక్‌లు వెడల్పవుతాయి. సిలికాన్ మొదటి పీక్ 28.44 దగ్గర రావాలి, ఆ చోట ఎన్ఎంసీ పీక్‌లు లేవు కాబట్టి అడ్డం రాదు. అది ఎంత తప్పి కనిపిస్తే మీ పీక్‌లు కూడా ఆ లెక్కనే తప్పాయని అర్థం.

ఇంకో మాట. పొడి పొట్లంతో పాటు ఒక కాగితం మీద స్పష్టంగా రాసివ్వండి: 10 నుంచి 120 డిగ్రీల వరకు, అడుగు 0.02 లేదా అంతకంటే తక్కువ, పెద్ద పీక్ మీద కనీసం పదివేల కౌంట్లు. ఏమీ రాయకపోతే చాలాచోట్ల 80 డిగ్రీల దాకా పది నిమిషాల స్కాన్ తీసి పంపిస్తారు. ఫేజ్, అంటే ఏ స్ఫటిక నిర్మాణమో, చూసుకోడానికి అది చాలు, నిర్మాణం లెక్క కట్టడానికి చాలదు. ఆపరేటర్ని పక్కన నిలబడి చూస్తానని అడగండి. చాలామంది సంతోషంగా రమ్మంటారు.

#6 హాంబర్గ్_గోదారి

రెండో ప్రశ్న నేను తీసుకుంటాను. నేను హాంబర్గ్‌లో సింక్రోట్రాన్ (చాలా బలమైన ఎక్స్-కిరణాలిచ్చే పెద్ద యంత్రం) మీద బ్యాటరీ మెటీరియల్స్ చూస్తుంటాను.

ముందు మిక్సింగ్, అంటే లిథియం, నికెల్ చోట్లు మారడం, ఎందుకొస్తుందో చెప్తాను. ఈ నిర్మాణంలో ఒక పొర లిథియం, ఒక పొర లోహాలు, మధ్యలో ఆక్సిజన్ పొరలు. లిథియం అయాన్ 0.76 ఆంగ్‌స్ట్రామ్, నికెల్ 2+ అయాన్ 0.69. సైజులు దగ్గరగా ఉండడంతో నికెల్ పోయి లిథియం గదిలో కూర్చోగలదు. అక్కడ కూర్చున్న నికెల్, ఛార్జింగ్ అప్పుడు లిథియం నడిచే దారిని అడ్డుకుంటుంది. కాల్చేటప్పుడు ఆక్సిజన్ తక్కువైతే నికెల్ 3+ కి పోకుండా 2+ గానే మిగిలి ఈ మిక్సింగ్ పెరుగుతుంది.

003 పీక్ పొరలు క్రమంగా ఉంటేనే బలంగా వస్తుంది. నికెల్ లిథియం గదిలోకి పోతే రెండు పొరల మధ్య తేడా తగ్గి 003 బలహీనపడుతుంది, 104 మాత్రం బలపడుతుంది. అందుకే నిష్పత్తి 1.2 దాటితే మంచిదనే గుర్తు వాడుకలోకి వచ్చింది. కానీ ఆ నిష్పత్తిని మార్చే ఇంకో విషయం ఉంది: కణాలు పడుకునే తీరు. పలకల్లాంటి కణాలను గాజుతో అదిమితే పేకముక్కల్లా అన్నీ ఒకే వైపు పడుకుంటాయి. అప్పుడు 003 మామూలు కంటే ఎత్తుగా వస్తుంది. మిక్సింగ్ బాగా ఉన్న శాంపిల్ కూడా 1.4 చూపించొచ్చు. అల్యూమినియం రేకు మీద పూసి రోలర్ కింద నొక్కిన ఎలక్ట్రోడ్ అయితే ఇంకా ఘోరం.

కాబట్టి రీట్వెల్డ్ (పాటర్న్ మొత్తాన్ని ఒక మోడల్‌తో సరిపోల్చే లెక్క) చెయ్యాల్సిందే. పొడిని వెనక వైపు నుంచి నింపే హోల్డర్ గానీ, సన్నటి గాజు కేశనాళిక గానీ వాడితే ఈ పడుకోవడం తగ్గుతుంది.

#7 ప్లాంట్_క్యూసీ

అక్కా, ఒక్క విషయంలో ఒప్పుకోను. మేము ప్లాంట్‌లో ప్రతి బ్యాచ్‌కీ ఈ నిష్పత్తే చూస్తాం. అదే హోల్డర్, అదే మనిషి, అదే బరువు, అదే మిషన్. నిష్పత్తి పడిపోయిందంటే ఫర్నేస్‌లో ఆక్సిజన్ ఎక్కడో తగ్గిందని అర్థం. చాలాసార్లు పట్టుకున్నాం. ప్రతి బ్యాచ్‌కీ రీట్వెల్డ్ చేస్తూ కూర్చుంటే లైను ఆగిపోతుంది. దాన్ని పనికిరాని అంకెలా చూడకండి.

#8 హాంబర్గ్_గోదారి

మీరు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. మీరు చూస్తున్నది నిన్నటి బ్యాచ్‌కీ ఈరోజు బ్యాచ్‌కీ ఉన్న తేడా. మిగతావన్నీ మార్చకుండా ఉంచారు కాబట్టి ఆ తేడాకి అర్థం ఉంది. కావ్య అడుగుతున్నది వేరు. లిథియం గదిలో నికెల్ ఎంత శాతమని రివ్యూవర్ అడిగారు. 1.35 అనే అంకెలోంచి ఆ శాతం రాదు. ఇంకో ల్యాబ్ వాళ్ళ 1.28 కంటే ఇది మంచిదని కూడా చెప్పలేం.

కావ్యా, రీట్వెల్డ్ చేసేటప్పుడు అన్నీ ఒకేసారి వదలకు. ముందు స్కేల్, బ్యాక్‌గ్రౌండ్. తర్వాత లాటిస్, శాంపిల్ ఎత్తు. జీరో తప్పు, ఎత్తు తప్పు రెండింటినీ కలిపి వదిలితే ఒకదాన్నొకటి లాగేస్తాయి, ఎత్తు ఒక్కటే వదులు. తర్వాత పీక్ ఆకారం, ఆక్సిజన్ స్థానం. చివరికి మాత్రమే మిక్సింగ్. లిథియం గదిలోకి ఎంత నికెల్ వెళ్తే అంత లిథియం ఇటు వచ్చిందనే షరతు పెట్టు. ఆక్యుపెన్సీ (ఒక గదిలో ఏ అణువు వాటా ఎంతో), థర్మల్ పారామీటర్ (అణువు ఎంత కంపిస్తుందో) ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడి ఉంటాయి. అందుకే ఎక్కువ కోణాల డేటా కావాలని మూర్తి గారు 120 దాకా తీయించమన్నారు.

లిథియంకి 3 ఎలక్ట్రాన్లు, నికెల్‌కి 28. తేలికైన గదిలో బరువైన అణువు కూర్చుంటే ఎక్స్-కిరణాలకి బాగా తెలుస్తుంది, అది మన అదృష్టం. కానీ మాంగనీస్ 25, కోబాల్ట్ 27, నికెల్ 28. ఈ మూడింటిలో ఏది ఎక్కడుందో ల్యాబ్ ఎక్స్ఆర్‌డీ చెప్పలేదు. అది న్యూట్రాన్ పని. న్యూట్రాన్లకి మాంగనీస్, లిథియం రుణ సంకేతంతోనూ నికెల్ ధన సంకేతంతోనూ కనిపిస్తాయి. ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్ దగ్గర న్యూట్రాన్ పౌడర్ డిఫ్రాక్షన్ ఉంది, యూనివర్సిటీ వాళ్ళు ప్రపోజల్ పెట్టుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్ డబ్బు పెట్టి కొనక్కర్లేదు. జీశాస్-2, ఫుల్‌ప్రాఫ్, ప్రొఫెక్స్ మూడూ ఉచితం. మొదటిసారి చేసేవాళ్ళకి ప్రొఫెక్స్ తేలిక. నిర్మాణం ఫైళ్ళు క్రిస్టలోగ్రఫీ ఓపెన్ డేటాబేస్‌లో దొరుకుతాయి.

#9 సాయితేజ_ఎమ్మెస్సీ

షెరర్ సంగతి ఎవరూ చెప్పలేదు. నేను కావ్య అక్క అంకెలతో లెక్క వేశాను. 003 పీక్ సగం ఎత్తు దగ్గర వెడల్పు 0.20 డిగ్రీలు అనుకుంటే 40 నానోమీటర్లు వస్తోంది. మిషన్ వెడల్పు ఎలా తీసేయాలి? నేరుగా తీసేయడమా, వర్గాల తేడానా? ఒక్కో చోట ఒక్కోలా ఉంది.

#10 ల్యాబ్_మూర్తి

మంచి ప్రశ్న. లాంథనం హెక్సాబోరైడ్ లాంటి ప్రామాణిక పొడి పెట్టి అదే స్లిట్‌లతో స్కాన్ తీస్తే మిషన్ సొంత వెడల్పు తెలుస్తుంది. అది 0.08 డిగ్రీలు వచ్చిందనుకో. పీక్‌లు గాసియన్ ఆకారంలో ఉన్నాయనుకుంటే వర్గాల తేడా తీయాలి, 0.183 మిగులుతుంది, సైజు 44 నానోమీటర్లు. లొరెంట్జియన్ అనుకుంటే నేరుగా తీసేయాలి, 0.12 మిగులుతుంది, సైజు 67 నానోమీటర్లు. నిజమైన పీక్ రెండింటి మధ్యలో ఉంటుంది.

చూశావా, అదే పీక్, అదే రోజు, 40 నుంచి 67 దాకా. అందుకే ఎవరైనా షెరర్‌తో 41.37 నానోమీటర్లని దశాంశాలతో రాస్తే నాకు బాధేస్తుంది. పైగా వెడల్పుకి సైజు ఒక్కటే కారణం కాదు, లోపలి ఒత్తిడి కూడా ఉంటుంది. సైజు వల్ల వచ్చే వెడల్పు కోణంతో పాటు నెమ్మదిగా పెరుగుతుంది, ఒత్తిడి వల్ల వచ్చేది వేగంగా పెరుగుతుంది. ఈ తేడా పట్టుకునే పద్ధతినే 1953లో విలియమ్సన్, హాల్ ఇచ్చారు. ఒక్క పీక్‌తో అది కుదరదు, కనీసం నాలుగైదు పీక్‌లు కావాలి.

ఇంకొకటి: క్రిస్టలైట్ వేరు, కణం వేరు. ఎన్ఎంసీలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద కనిపించే గుండ్రటి ఉండ పది మైక్రాన్లు ఉండొచ్చు. దాంట్లో చిన్న గింజలు వందల నానోమీటర్లు. షెరర్ చెప్పేది ఒకే క్రమంలో అణువులు ఎంత దూరం సాగాయనేది. 150, 200 నానోమీటర్లు దాటితే మామూలు ల్యాబ్ మిషన్‌లో షెరర్ చెప్పే సైజుని నమ్మలేం.

#11 రిటైర్డ్_లెక్చరర్

నాయనా, అమ్మా, మీ చర్చ చదువుతుంటే చాలా ఆనందంగా ఉంది. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. ఒక చిన్న సంగతి చెప్పి వెళ్తాను.

1912లో మ్యూనిక్‌లో లావే ఆలోచన మీద ఫ్రీడ్రిక్, క్నిప్పింగ్ మొదటిసారి ఎక్స్-కిరణాలు పంపింది మైలుతుత్తం స్ఫటికంలోంచి. ఫొటో ప్లేటు మీద చుక్కలు పడ్డాయి. ఎక్స్-కిరణాలు తరంగాలని, స్ఫటికంలో అణువులు వరసలుగా ఉంటాయని ఆ ఒక్క ప్లేటుతో రెండూ తేలాయి. లారెన్స్ బ్రాగ్ అదే ఏడాది మీరు వాడే సూత్రం చెప్పాడు, అప్పటికి అతనికి 22 ఏళ్ళు. 1915లో తండ్రితో కలిసి నోబెల్ అందుకున్నప్పుడు 25.

వాళ్ళకి పెద్ద స్ఫటికం కావాల్సి వచ్చింది. పొడితో కూడా కుదురుతుందని 1916లో గొట్టింగెన్‌లో డిబై, షెరర్ చూపించారు. వాళ్ళు మొదట పరీక్షించిన పొడి ఏంటో తెలుసా? లిథియం ఫ్లోరైడ్. మీ లిథియం కథ అక్కడినుంచే ఉంది. సైజు సూత్రం షెరర్ 1918లో ఇచ్చాడు. ఇక రీట్వెల్డ్ గారు నెదర్లాండ్స్‌లోని పెట్టెన్‌లో న్యూట్రాన్ డేటా మీద పనిచేస్తూ 1969లో ఆ పద్ధతి పూర్తిగా ప్రచురించారు. పీక్‌లు ఒకదాని మీద ఒకటి పడి విడదీయలేకపోతుంటే, విడదీయడం మానేసి పాటర్న్ మొత్తాన్ని ఒకేసారి సరిపోల్చుదామన్నాడు. పిల్లలకి క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా నాకే ఒళ్ళు పులకరించేది.

#12 కావ్య_కాథోడ్

మాస్టారూ, లిథియం ఫ్లోరైడ్ సంగతి తెలియదు, చాలా థాంక్స్.

ఇంకో సమస్య. నా పాత స్కాన్‌లో బ్యాక్‌గ్రౌండ్ చాలా ఎత్తుగా ఉంది. అయినా ప్రొఫెక్స్‌లో పెట్టి చూస్తే ఆర్-డబ్ల్యూపీ (ఫిట్టింగ్‌లో తప్పు ఎంతో చూపే అంకె) 3 శాతం లోపే వచ్చింది. అంటే ఫిట్టింగ్ బాగున్నట్టే కదా?

#13 ల్యాబ్_మూర్తి

కాదమ్మా. ఆ రెండూ కలిపి చూడాలి. కాపర్ ట్యూబు నుంచి వచ్చే కిరణం శక్తి 8.05 కేఈవీ. మాంగనీస్ కె-ఎడ్జ్ (అణువు తన సొంత ఎక్స్-కిరణాలు వదలడానికి తగలాల్సిన కనీస శక్తి) 6.54, కోబాల్ట్ 7.71. రెండూ దానికంటే తక్కువ కాబట్టి కాపర్ కిరణం తగలగానే అవి తమ సొంత ఎక్స్-కిరణాలు విడుదల చేస్తాయి, ఫ్లోరసెన్స్ అన్నమాట. అదే మీ బ్యాక్‌గ్రౌండ్. నికెల్ ఎడ్జ్ 8.33, కాపర్ దాన్ని కదిలించలేదు. మీ శాంపిల్‌లో 80 శాతం నికెలే కావడం వల్ల బ్యాక్‌గ్రౌండ్ ఇంతటితో ఆగింది. ఐరన్ ఫాస్ఫేట్ కాథోడ్ అయితే మరీ ఎక్కువ.

బ్యాక్‌గ్రౌండ్ ఎత్తుగా ఉంటే ఆర్-డబ్ల్యూపీ దానంతటదే తగ్గిపోతుంది. మొత్తం కౌంట్లలో ఎక్కువ భాగం నున్నటి బ్యాక్‌గ్రౌండే, దాన్ని ఏ మోడల్ అయినా సరిగ్గా కలుపుతుంది. పీక్‌ల దగ్గర ఎంత తప్పుందో ఆ అంకెలో కనపడదు. కింద వచ్చే తేడా గీత చూడండి. 003, 104, 108 దగ్గర ఆ గీత ఎగిరిపడుతుంటే ఆర్-డబ్ల్యూపీ ఎంత చిన్నదైనా మోడల్ సరిగ్గా లేదని అర్థం.

డిటెక్టర్‌లో శక్తి కింది హద్దు పెంచితే ఫ్లోరసెన్స్ చాలావరకు పోతుంది. అడిగితే చేస్తారు. కోబాల్ట్ ట్యూబు ఉందా అని కొందరు అడుగుతుంటారు. దాని శక్తి 6.93, ఐరన్‌కి మంచి మందు. కానీ మాంగనీస్ ఎడ్జ్ 6.54 ఇంకా కిందే ఉంది, కాబట్టి ఎన్ఎంసీకి సగం ఉపశమనమే.

#14 మాక్సీన్_మానస

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాది మాక్సీన్ (పలచటి పొరలుండే లోహ కార్బైడ్). టైటానియం అల్యూమినియం కార్బైడ్‌లోంచి అల్యూమినియం తీసేశాక 002 పీక్ 9.5 నుంచి 7 దగ్గరకి వచ్చింది. ఇది కూడా ఎత్తు తప్పేనేమో అని ఇప్పుడు భయం పట్టుకుంది.

#15 హాంబర్గ్_గోదారి

మానసా, భయపడకు. రెండున్నర డిగ్రీలు ఎత్తు తప్పు వల్ల రావు, అది నిజంగా పొరలు విడిపోవడమే. పొరల మధ్యకి నీళ్ళు, అయాన్లు దూరాయి. శాంపిల్ ఎండబెట్టి మళ్ళీ తీస్తే పీక్ కొంత వెనక్కి కుడికి వస్తుంది, తీసి చూడు. నువ్వు చూడాల్సిన ఇంకో చోటు 39 డిగ్రీలు. అక్కడుండే 104 పీక్ పూర్తిగా పోయిందా? అది మిగిలి ఉంటే అల్యూమినియం పోని ముక్కలు ఇంకా ఉన్నాయని.

#16 సాయితేజ_ఎమ్మెస్సీ

అక్కా, ఛార్జింగ్ అవుతుండగానే ఎక్స్ఆర్‌డీ తీస్తారంటారు కదా, దాంట్లో ఏం కనిపిస్తుంది? సింక్రోట్రాన్ లేకపోతే కుదరదా?

#17 హాంబర్గ్_గోదారి

అది చూస్తుంటే టైమే తెలియదు. కిరణం దూరగలిగే కిటికీ ఉన్న సెల్ కట్టి, ఒక పక్క ఛార్జ్ చేస్తూ ఇంకో పక్క వరసగా స్కాన్‌లు తీస్తాం. 811లో లిథియం బయటికి వెళ్ళేకొద్దీ 003 ముందు ఎడమకి నడుస్తుంది. లిథియం పోయాక ఎదురెదురు ఆక్సిజన్ పొరలు ఒకదాన్నొకటి నెట్టుకోవడంతో దూరం పెరుగుతుంది. 4.2 వోల్టుల చుట్టుపక్కలకి వచ్చేసరికి అదే పీక్ ఒక్కసారిగా వెనక్కి తిరిగి కుడికి పరుగెడుతుంది. పొరలు కుంగిపోతున్నాయన్నమాట. ప్రతి ఛార్జ్‌లో ఇలా ఉబ్బి కుంగడంతోనే ఉండల్లో పగుళ్ళు వస్తాయి, పగుళ్ళలోకి ఎలక్ట్రోలైట్ దూరుతుంది. కావ్య జిర్కోనియం నిజంగా పని చేస్తుంటే ఆ కుంగుబాటు తగ్గాలి. నన్నడిగితే పేపర్‌లో అసలు చూపించాల్సిన గ్రాఫ్ అదే.

ఐరన్ ఫాస్ఫేట్‌లో ఇలా ఉండదు. మామూలుగా అక్కడ పీక్ నడవదు. పాత పీక్ తరిగిపోతూ కొత్త చోట కొత్త పీక్ మొలుస్తుంది. లిథియం ఉన్న ఫేజ్, లేని ఫేజ్ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి.

నెమ్మదిగా ఛార్జ్ చేస్తే ల్యాబ్ మిషన్‌తో కూడా తీయొచ్చు, సెల్ ఉండాలి అంతే. వేగంగా కావాలంటే సింక్రోట్రాన్. ఇండోర్‌లో ఇండస్-2 ఉంది, 2.5 జీఈవీ మిషన్, దాంట్లో 12వ బీమ్‌లైన్ (కిరణాన్ని ప్రయోగం దగ్గరకి తెచ్చే దారి) పౌడర్ డిఫ్రాక్షన్‌కి వాడతారు. ఇక్కడ హాంబర్గ్‌లో పెట్రా-3 మీద, జపాన్‌లో సుకుబా దగ్గర ఫోటాన్ ఫ్యాక్టరీలో మన దేశం వాళ్ళ కోసం బీమ్‌లైన్ సమయం ఉంటుంది. మన తెలుగు పిల్లలు ప్రపోజల్ రాయడానికి వెనకాడుతున్నారు, అదే నా బాధ. ఇంగ్లిష్ అందంగా ఉండక్కర్లేదు. ఏం చూడాలనుకుంటున్నారో, ల్యాబ్ మిషన్‌తో అది ఎందుకు కుదరదో రెండు పేజీల్లో తేటగా రాస్తే చాలు. రాసినవాళ్ళు నాకు పంపండి, చదివి చెప్తాను.

#18 కావ్య_కాథోడ్

అందరికీ అప్‌డేట్. సిలికాన్ కలిపి రెండు శాంపిళ్ళూ ఒకే పూట, ఒకే హోల్డర్‌లో, వెనక నుంచి నింపి తీయించాం. ఆపరేటర్ అన్న పక్కనే కూర్చోబెట్టుకుని అన్నీ చూపించారు. డిటెక్టర్ హద్దు పెంచితే బ్యాక్‌గ్రౌండ్ కళ్ళముందే కిందికి దిగింది.

సిలికాన్ ప్రకారం సవరించాక 003 జరుగుడు 0.05 కాదు, 0.01. 006 దాదాపు 0.02. రీట్వెల్డ్‌లో సీ-అక్షం మామూలు శాంపిల్‌కి 14.200, జిర్కోనియం ఉన్నదానికి 14.208 ఆంగ్‌స్ట్రామ్. ఏ-అక్షంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. లిథియం గదిలో నికెల్ మామూలుదాంట్లో 3.1 శాతం, జిర్కోనియందాంట్లో 3.9. నిష్పత్తి కొత్త స్కాన్‌లో 1.35 నుంచి 1.22కి తగ్గింది, అంటే పాతదాంట్లో పలకలు పడుకున్నాయనే అనుకుంటున్నాను.

006 జరుగుడు 003 కంటే రెండింతలు ఉంది కాబట్టి లాటిస్ కొంచెం పెరిగిందనే కదా. ఇప్పుడు జిర్కోనియం లోపలికి వెళ్ళిందని రాయొచ్చా?

#19 హాంబర్గ్_గోదారి

చాలా శుభ్రమైన పని చేశావు కావ్యా. లాటిస్ పెరిగిందని ధైర్యంగా రాయి. జిర్కోనియం లోపలికి వెళ్ళింది కాబట్టే పెరిగిందని మాత్రం ఇంకా రాయకు. నీ అంకెల్లోనే ఇంకో కారణం ఉంది. మిక్సింగ్ 3.1 నుంచి 3.9కి పెరిగింది. మిక్సింగ్ మారినా, నికెల్ 2+ వాటా పెరిగినా సీ-అక్షం మారుతుంది. జిర్కోనియం 4+ లోహాల పొరలో కూర్చుంటే ఛార్జ్ సరిపోవడానికి కొంత నికెల్ 3+ నుంచి 2+ కి దిగాలి, ఆ దిగిన నికెల్ లిథియం గదిలోకి పోతుంది. ఆ దారిన చూస్తే నీ ఫలితం జిర్కోనియం లోపలికి వెళ్ళిందనే మాటకి బలం ఇస్తుంది. కానీ జిర్కోనియం ఉపరితలం మీదే లిథియం జిర్కోనేట్‌గా ఉండిపోయి, ఆ క్రమంలో లిథియం కొంత లాక్కుని, లోపల లిథియం తగ్గి మిక్సింగ్ పెరిగినా ఇవే అంకెలు వస్తాయి.

రీట్వెల్డ్‌లో జిర్కోనియం ఆక్యుపెన్సీ వదిలి తేల్చుదామని చూడకు. 1 శాతం జిర్కోనియం, కాస్త నికెల్ ఎక్కువ తక్కువలు ఎక్స్-కిరణాలకి ఒకేలా కనిపిస్తాయి. అంకె వస్తుంది, దానికి అర్థం ఉండదు.

తేల్చాలంటే ఎగ్జాఫ్స్ (ఒక అణువు చుట్టూ ఏ అణువులున్నాయో చూపే ఎక్స్-కిరణాల శోషణ పరీక్ష). జిర్కోనియం కె-ఎడ్జ్ 18 కేఈవీ దగ్గర. ఇండస్-2లో 9వ బీమ్‌లైన్ 25 కేఈవీ దాకా వెళ్తుంది. జిర్కోనియం చుట్టూ రెండో వరసలో నికెల్ ఉందా, జిర్కోనియమే ఉందా అని అది నేరుగా చెప్తుంది. అది దొరికేలోపు ఈ రివిజన్ గడువు అయిపోతుంది కాబట్టి, రెండు అవకాశాలూ రాసి, మీ డేటా ఏ వైపు మొగ్గుతోందో చెప్పండి.

#20 ప్లాంట్_క్యూసీ

కావ్య గారూ, 20 నుంచి 35 డిగ్రీల మధ్య మాత్రం విడిగా ఒక పొడవైన స్కాన్ తీయించండి, సిలికాన్ కలపని పొడితో. లిథియం జిర్కోనేట్ ఉంటే అక్కడ చిన్న పీక్‌లు తల ఎత్తుతాయి. జిర్కోనియం బరువైన అణువు కాబట్టి తక్కువ మోతాదులో ఉన్నా కనిపించే అవకాశం ఉంది. 21.3, 30.6, 31.8 దగ్గర వస్తే మాత్రం అది లిథియం కార్బొనేట్, పొడి గాలిలో ఉండి పాడైందని. 811ని సీసా మూత తీసి బల్ల మీద వదిలేస్తే అలా అవుతుంది. వానాకాలంలో మేమైతే డ్రై రూమ్ దాటి పొడి బయటికి రానివ్వం.

#21 ల్యాబ్_మూర్తి

రివ్యూవర్‌కి జవాబు రాసేటప్పుడు ఇవి కూడా పెట్టండమ్మా. సిలికాన్ ఎంత కలిపారో, చేయి పొడవు, స్లిట్‌లు, అడుగు, ఒక్కో అడుగుకి ఎంత సమయం. రీట్వెల్డ్ గ్రాఫ్ తేడా గీతతో సహా, 64 నుంచి 65.5 భాగం పక్కన పెద్దది చేసి. సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఎర్రర్ నిజమైన దానికంటే చిన్నదిగా ఉంటుంది. మీ 3.1, 3.9 మధ్య తేడా నిజమేనా అని చూడటానికి రెండు శాంపిళ్ళనూ హోల్డర్‌లోంచి తీసి, మళ్ళీ నింపి ఇంకోసారి స్కాన్ తీయించండి. మళ్ళీ మళ్ళీ నింపినా అంకె 0.3 లోపే కదిలితే ఆ 0.8 తేడా గురించి మాట్లాడొచ్చు. షెరర్ అంకె తీసేసి, విలియమ్సన్-హాల్ ఇచ్చిన సైజు, ఒత్తిడి రెండూ రాయండి.

అసలు డేటా ఫైలు కూడా సప్లిమెంటరీలో పెట్టేయండి, గ్రాఫ్ బొమ్మ ఒక్కటే కాదు.

#22 కావ్య_కాథోడ్

మళ్ళీ నింపిన స్కాన్‌లకి రేపు స్లాట్ దొరికింది. 20 నుంచి 35 పొడవు స్కాన్ కూడా దాంతోపాటే. ఫైళ్ళు రాగానే ఇక్కడే పెడతాను. అక్కా, ఎగ్జాఫ్స్ ప్రపోజల్ మొదటి పేజీ రాయడం మొదలుపెట్టాను, మీకు మెసేజ్‌లో పంపిస్తున్నాను.